సవరణ: ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో ఆ ఖాళీ ఉండకూడదు

లినక్స్ కంప్యూటర్ల మధ్య ఎన్‌ఎఫ్‌ఎస్‌తో (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచే పద్ధతి) ఫోల్డరు పంచుకోవడం గురించి ముందు రాసిన టపాలో, ఎక్స్‌పోర్ట్స్ ఫైలు (ఏ ఫోల్డరు ఏ కంప్యూటరుకు ఇవ్వాలో సర్వరుకు చెప్పే ఫైలు) ఉదాహరణలో కంప్యూటర్ పేరుకూ, దాని అనుమతులు రాసే బ్రాకెట్‌కూ మధ్య ఒక ఖాళీ పడింది. దాన్ని తీసేయాలి. పేరును ఆనుకునే బ్రాకెట్ మొదలవ్వాలి.

ఇది అచ్చుతప్పు అనుకుని వదిలేయకండి. ఖాళీ ఉంటే సర్వరు ఆ వరుసను రెండు వేర్వేరు అనుమతులుగా చదువుతుంది. మీరు పేరు రాసిన కంప్యూటరుకు దక్కేది చదివే అనుమతి మాత్రమే. రాసే అనుమతేమో సర్వరును చేరగల ప్రతి కంప్యూటరుకూ వెళ్తుంది! ఈ ఫైలును అమలు చేసే ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ ఆదేశం ఒక హెచ్చరిక చూపుతుందే తప్ప పని ఆపదు, అందుకే ఇది సులువుగా కళ్లుగప్పుతుంది. వరుస సరిచేశాక ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్‌ను ముందు ఆర్, ఏ ఐచ్ఛికాలతో, తర్వాత వీ ఐచ్ఛికంతో నడపండి. జాబితాలో మీ ఫోల్డరు పక్కన ‘వరల్డ్’ అని కనిపిస్తే తలుపు ఇంకా తెరిచే ఉన్నట్టు.

‘అనుమతి లేదు’ అని వస్తే ఫోల్డరుకు 777 (అందరికీ అన్ని అనుమతులు) ఇమ్మని ఆ టపాలో చెప్పిన సలహానూ పక్కన పెట్టండి. మామూలు అమరికలో ఎన్‌ఎఫ్‌ఎస్ వాడుకరి పేరును కాదు, ఆ వాడుకరికి కంప్యూటరు ఇచ్చిన సంఖ్యను చూస్తుంది. ఒకే పేరుకు ఇక్కడ 1000, అక్కడ 1001 ఉంటే సర్వరు దృష్టిలో ఇద్దరు వేరు మనుషులు. రెండు చోట్లా ఐడీ ఆదేశం నడిపి, సంఖ్యలు కలిసేలా చూడండి. రూట్ వాడుకరికి (అన్ని అధికారాలున్న ఖాతా) రాయడం కుదరకపోతే అది లోపం కాదు, ఆ అధికారాలు సర్వరులో చెల్లకుండా చేసే రూట్ స్క్వాష్ అనే రక్షణ. దాన్ని అలాగే ఉంచండి.