సైనైడ్ లెక్క తప్పేది ల్యాబ్‌లో కాదు, సీసాలో

చెరువులో చేపలు తేలతాయి, శాంపిల్ తీస్తారు, కొన్నాళ్లకు రిపోర్టు వస్తుంది: సైనైడ్ ‘బీడీఎల్’. అంటే పరీక్షకు అందేంత లేదని. ఎక్కడైనా ఇదే తంతు. ఆ మూడక్షరాలు చూసి అధికారులు ఊపిరి పీల్చుకుంటారు, ఊళ్లోవాళ్లు తిట్టుకుంటారు. నేనైతే ఒక్కటే అడుగుతాను: సీసాలో సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం వేశారా?

ఎందుకంటే సైనైడ్ నిలిచే సరుకు కాదు. మామూలు నీళ్లలో విడిగా ఉన్న సైనైడ్ చాలావరకు హైడ్రోజన్ సైనైడ్ రూపంలోనే ఉంటుంది, అది మరిగేది 26 డిగ్రీల దగ్గర. మే నెలలో జీపు వెనక సీట్లో పడేసిన సీసాలో ఇంకేం మిగులుతుంది? అందుకే అది ఆవిరై పోకుండా, తీసిన వెంటనే పీహెచ్ 12 దాటేలా క్షారం కలపాలి, చల్లగా, చీకట్లో ఉంచాలి, 14 రోజుల్లోపు పరీక్ష చేయాలి. అంతకంటే ముందు లెడ్ అసిటేట్ కాగితం మీద చుక్క వేసి చూడాలి. నల్లబడితే సల్ఫైడ్ ఉన్నట్టు, దాన్ని తీసేయకపోతే సైనైడ్ కాస్తా థయోసైనేట్ అనే వేరే పదార్థంగా మారిపోతుంది. వెలుతురుది ఇంకో తమాషా. ఇనుముతో గట్టిగా ముడిపడిన సైనైడ్ మామూలుగా పెద్దగా హాని చేయదు, కానీ ఎండ తగిలితే విడిపోయి అసలు విషం బయటికొస్తుంది. ఉన్న విషం ఎగిరిపోయేదీ సీసాలోనే, లేనిది పుట్టేదీ సీసాలోనే.

విడిగా ఉన్నదీ ముడిపడినదీ కలిపి మొత్తం సైనైడ్ కొలిస్తే అన్నీ కలిసొస్తాయి కదా అంటారు కెమిస్టులు. న్యాయమైన మాటే. ఆమ్లం పోసి మరిగించి, వచ్చిన వాయువును క్షారంలో పట్టి, రంగు తెప్పించి చూసే ఆ పాత పద్ధతి మంచిదే. కానీ దారిలో ఎగిరిపోయినదాన్ని ఏ డిస్టిలేషనూ వెనక్కి తేలేదు.

ఇక ఆ ‘బీడీఎల్’ సంగతి. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. సిల్వర్ నైట్రేట్ ద్రావణం చుక్కచుక్కగా పోసి కొలిచే టైట్రేషన్ నమ్మకంగా పనిచేసేది 1 మిల్లీగ్రాము పైనే. అంటే ఆ పద్ధతిలో చూసి బీడీఎల్ అని రాస్తే, నీళ్లలో పరిమితికి ఇరవై రెట్ల దాకా ఉన్నా ఆ మాట అబద్ధం కాదు! నీళ్లలో ముంచి కొలిచే ఎలక్ట్రోడ్ మేలే, కానీ దాని చూపు కూడా సుమారు 0.05 దగ్గరే ఆగిపోతుంది.

2000 జనవరిలో రొమేనియాలోని బయా మారేలో బంగారు శుద్ధి కర్మాగారం కట్ట తెగి లక్ష ఘనమీటర్ల సైనైడ్ నీళ్లు నదిలో కలిశాయి, పక్కనున్న హంగరీలో వెయ్యి టన్నులకు పైగా చేపలు చచ్చిపోయాయి. అంత ఘోరానికి ల్యాబ్ సాక్ష్యం అక్కర్లేదు. మన దగ్గర వచ్చేది చుక్కచుక్కగా. బొగ్గును కోక్‌గా మార్చే ఓవెన్లు, లోహపు పూత వేసే ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్లు, సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులు (కర్రపెండలంలో సైనైడ్ సహజంగానే ఉంటుంది, కడిగిన నీళ్లలోకి దిగుతుంది). ఇక్కడ కాగితమే సాక్ష్యం.

ఆ కాగితానికి మనం ఇచ్చే విలువ ఎంత? లక్షలు పోసి మెషీన్ కొంటాం, రిబ్బన్ కత్తిరిస్తాం, ఫొటో దిగుతాం. సీసా పట్టుకుని గట్టు దిగేది మాత్రం కాంట్రాక్టు కుర్రాడు, అతని చేతిలో ఐసు పెట్టె కూడా ఉండదు. పాల కల్తీ అయినా, మట్టి పరీక్ష అయినా ఇదే జబ్బు: కొలిచేవాడికి ఏసీ గది, తెచ్చేవాడికి బస్సు చార్జీ.

శాంపిల్ తీసిన టైము, అప్పటి పీహెచ్, వాడిన పద్ధతి, ఆ పద్ధతి ఎంత తక్కువ దాకా పట్టగలదు, ఈ నాలుగూ రిపోర్టులో అచ్చవ్వాలి. అవి లేని కాగితం గ్రామసభలో చదువుతుంటే లేచి నిలబడండి, ‘ముందు సీసా సంగతి చెప్పండి సార్’ అని అడగండి.