బాలల నిర్బంధ గృహం కథలో సీమ పిల్లవాడు ఏ భాషలో మాట్లాడాలి?

2025లో బ్రిటిష్ సిరీస్ ‘అడాలసెన్స్’ విడుదలైనప్పుడు, హంతకుడైన పదమూడేళ్ల బాలుడు తెల్లవాడు కావడంపైనే సోషల్ మీడియాలో పెద్ద రచ్చ జరిగింది. నల్లజాతి నిందితుడి అసలు కేసును తీసుకుని, నిందితుణ్ని తెల్లవాడిగా మార్చి తీశారన్నారు. ఏ ఒక్క కేసు ఆధారంగానూ రాయలేదని రచయిత జాక్ థోర్న్ ఖండించారు. నిర్బంధంలోని పిల్లల కథ ఎక్కడ వచ్చినా, గోడల వెనుక ఎవరిని చూపారన్న లెక్కే ముందు తీస్తారు. కర్నూలు, కడప, అనంతపురం నేపథ్యంతో తెలుగులో అలాంటి డ్రామా తీస్తే ఆ లెక్క ఎందుకూ చాలదు.

మన దగ్గర కథ మలుపు తిరిగేది భాష దగ్గర. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, పదహారు నిండిన పిల్లవాడిపై ఘోర నేరారోపణ ఉంటే, పిల్లల కేసులు వినే జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమిక అంచనా వేయాలి. తన పని పర్యవసానం అతనికి అర్థమయ్యే స్థితి ఉందా, అది ఏ పరిస్థితుల్లో జరిగింది అన్నది చూడాలి. అతన్ని పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది దానిపైనే ఆధారపడుతుంది. ఆదోనిలో దక్కనీ ఉర్దూ మాట్లాడుతూ పెరిగిన కుర్రవాడు, కదిరి వైపు తండా నుంచి వచ్చిన లంబాడీ పిల్లవాడు, ఇంట్లో కన్నడం మాట్లాడే మడకశిర పిల్లవాడు ఆ గదిలో ఎలా జవాబు చెబుతారు? తల వంచుకుని ‘ఊ’ అంటే అది ఒప్పుకోలా, భయమా, ప్రశ్నే అర్థం కాకపోవడమా? ఒక్క ‘ఊ’ మీద బతుకు తేలిపోయే సన్నివేశాన్ని వదులుకుని, పిల్లలందరి చేతా ఒకే పాఠ్యపుస్తకం తెలుగు పలికించడం రచయితకే నష్టం.

ఆ వర్గాల పిల్లలనే నిందితులుగా చూపితే ముద్ర ఇంకా గట్టిపడదా అని కొందరు అడుగుతారు. ఆ భయం న్యాయమైనదే. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించి, ఎరుకల వంటి సమూహాలకు పుట్టుకనే నేరం చేసింది. 1952లో అది రద్దయినా అనుమానపు చూపు రద్దు కాలేదు. కానీ ఆ పిల్లలను తెర మీద నుంచి తప్పిస్తే ముద్ర పోదు, ముద్ర వేసినవాళ్లు తప్పించుకుంటారు. బల్లకు అవతల కూర్చున్నవారినీ మార్చి చూపాలి. బోర్డులో మెజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండాలని, వారిలో ఒకరు మహిళ కావాలని చట్టమే చెబుతోంది. ఆ మహిళ తండాలో పుట్టి చదువుకున్న మనిషి ఎందుకు కాకూడదు?

ఇంకో సంగతి. ఇలాంటి పిల్లల పేరు, ఊరు, బడి మీడియా బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. అది వారికి రక్షణ, ఉండాల్సిందే. అయితే వార్తలో వారికి గతం లేకుండా పోతుంది. కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి తల్లిదండ్రులు పత్తి, మిరప కోతలకు సుగ్గి (పనుల కోసం వలస) వెళ్లిపోతే బడి మానేసిన పిల్లవాడి కథను కల్పన తప్ప ఇంకెవరు చెబుతారు?

ఫ్యాక్షన్ సినిమాల పుణ్యమా అని మన ప్రేక్షకులు సీమ యాసను కత్తులతో, సుమోలతో కలిపి వినడానికే అలవాటు పడ్డారు. కొండారెడ్డి బురుజు ముందు నరుక్కోవడం తప్ప కర్నూలులో ఇంకో పని లేదన్నట్టు తీశారు. అదే యాస పదహారేళ్ల కుర్రవాడి నోట వినిపించగానే బోర్డు కన్నా ముందే ప్రేక్షకుడు తీర్పు ఇచ్చేస్తాడు. ఈ ప్రాంతానికి తెలుగు సినిమా చేసిన అన్యాయం పెద్దలతో ఆగలేదు.

నటుల ఎంపిక కన్నా ముందు కథా చర్చల్లో ఎవరున్నారో చూడాలి. దక్కనీ, లంబాడీ మాట్లాడే ఇళ్లవారు, సుగ్గికి వెళ్లే కుటుంబాలవారు అక్కడ కూర్చోవాలి. సంభాషణలన్నీ పూర్తయ్యాక యాస సరిచూడటానికి పిలిచే మనుషులుగా కాదు, మొదటి ఎపిసోడ్ అనుకున్న రోజు నుంచీ, తగిన పారితోషికంతో, టైటిళ్లలో పేరుతో.