లోకాన్ని కాపాడావు సరే, గృహప్రవేశానికి ఎందుకు రాలేదు?

సూపర్‌హీరో కామిక్స్ మీద ఇంతవరకూ వచ్చిన విమర్శలన్నీ పైపైవే. హింస ఎక్కువైందంటారు, బట్టలు మరీ బిగుతంటారు, చచ్చినవాళ్లు మళ్లీ లేచొస్తున్నారంటారు. నెల్లూరు పాఠకుడికి ఇవేవీ పెద్ద అభ్యంతరాలు కావు. అసలు లోపం వేరే ఉంది. ఆ హీరోలకి చుట్టాలు లేరు. ఒక పెద్దమ్మ, ఒక ప్రియురాలు, ఆఫీసులో అరిచే ఒక ఎడిటరు. ఈ ముగ్గురితోనే అటు మంత్రయుద్ధం, ఇటు సంసారం అంటూ తెగ నలిగిపోతుంటారు. కావలి నుంచి ఒక్క పెళ్లిబస్సు వచ్చి ఇంటిముందు ఆగితే ఏమైపోయేవాళ్లో!

ముందు మాంత్రికుల సంగతి చూద్దాం. లీ ఫాక్ 1934లో మాండ్రేక్ అనే మాంత్రికుణ్ణి సృష్టించాడు. చెయ్యి అలా ఆడిస్తే చాలు, ఎదుటివాడి కళ్లకి లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. నార్దా అనే రాకుమారి ఆ ఏడాదే పరిచయమైంది. పెళ్లి మాత్రం 1997లో జరిగింది. 63 ఏళ్లు! ఇంతకాలం పిల్ల తరఫు పెద్దలు ఏం చేస్తున్నట్టు? ఒక్క మేనమామ అయినా వెళ్లి, "ఏందబ్బయ్యా, చేసుకుంటావా చేసుకోవా, ఏదో ఒకటి తేల్చు" అని అడిగిన దాఖలా లేదు. మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండక్కి ఆ జంటను నెల్లూరు తీసుకొచ్చి, బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో నిలబెట్టి, పెళ్లి రొట్టె పట్టించి ఉంటే మరుసటేడు దంపతులిద్దరూ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇచ్చి పోయేవాళ్లు. ఉద్యోగానికి వేరే రొట్టె, ఇంటికి వేరే రొట్టె, సంతానానికి వేరే రొట్టె, అన్నీ అక్కడే దొరుకుతాయి. అంత మాంత్రికుడై ఉండి ఈ మాత్రం వాకబు చేసుకోలేదు. సూపర్‌మాన్ కూడా తక్కువేం తినలేదు. 1938లో తోటి విలేకరి లోయిస్‌ని చూసి, 1996లో పెళ్లాడాడు.

డాక్టర్ స్ట్రేంజ్ కేసు ఇంకా ఘోరం. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి 1963లో తెచ్చిన పాత్ర. పెద్ద సర్జన్. కారు ప్రమాదంలో చేతులు దెబ్బతిని ఆపరేషన్లకి పనికిరాకుండా పోతాడు. హిమాలయాలకి పోయి గురువు దగ్గర మంత్రవిద్య నేర్చుకుని, న్యూయార్క్‌లో బ్లీకర్ స్ట్రీట్‌లో ఒక మేడలో ఉంటూ వేరే లోకాల నుంచి వచ్చే దుష్టశక్తుల్ని అడ్డుకుంటుంటాడు. చదవడానికి బాగానే ఉంది. ఇదే నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో జరిగిందనుకోండి.

మొదట వాళ్లమ్మ సంగతి. హాస్టల్లో పడేసి, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్సుల్లో కూర్చోబెట్టి, పొలం అమ్మి చదివించిన కొడుకు. "ఎంబీబీఎస్ చదివి చేతబడి చేస్తా ఉండాడంట" అన్న మాట మూలాపేటలో పుట్టి ఒంగోలు చేరడానికి ఎంతసేపు? ఇక సంబంధాలు. బయోడేటాలో ఉద్యోగం అన్న చోట పెళ్లిళ్ల పేరయ్య ఏం రాయాలి? "ఇన్ని లోకాలు కాపాడుతున్నాడు సరే, జీతం ఎవరిస్తారు? పర్మనెంటా, కాంట్రాక్టా?" అని ఆడపెళ్లివారు అడుగుతారు. కామిక్ పుట్టి ఆరు దశాబ్దాలు దాటింది, ఈ ప్రశ్నకి సరైన జవాబు చదివిన గుర్తు నాకైతే లేదు.

తర్వాత ఆ మేడ. అన్ని గదులు, అంత చోటు, ఉండేది మాత్రం తనూ, వంటా వార్పూ చూసే వాంగూ. నెల్లూరులో ఇది కుదిరే పనేనా? ఉదయగిరి నుంచి, కనిగిరి నుంచి ఆస్పత్రి పనిమీద వచ్చిన బంధువులు లాడ్జిలో దిగుతారా? దిగితే ఎవరి పరువు పోతుంది? రిపోర్టు రేపు వస్తుందంటారు, ఎల్లుండి ఆదివారమంటారు, మొత్తానికి నాలుగు రోజులు. పిన్ని ఎక్స్‌రే ఫిలిం కవర్లోంచి తీసి ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుంటుంది. "నిన్ను ఆపరేషన్ చెయ్యమన్లేదులే అబ్బయ్యా. చెయ్యి వణికితే వణికింది, కళ్లు బాగానే ఉండాయి కదా. ఈ మోకాలు మార్పించాల్నా, అక్కర్లేదా, ఆ ఒక్క ముక్కా చెప్పు."

అప్పుడే వేరే లోకాన్నేలే డోర్మమ్ము అనే దుష్టుడు దండెత్తుతాడు. స్ట్రేంజ్ పద్ధతి ఏమిటంటే, ఆత్మ లేచి యుద్ధానికి పోతుంది, శరీరం ఇక్కడే కళ్లు మూసుకుని కూర్చుంటుంది. పిన్ని టీ గ్లాసు తెచ్చి ముందు పెడుతుంది. పలకడు. రెండోసారి పిలుస్తుంది. పలకడు. టీ మీద మీగడ కడుతుంది. సాయంత్రానికి కనిగిరికి ఫోన్ పోతుంది: "పిలిచినా పలకడంలా. నాలుగక్షరం ముక్కలు వచ్చేసరికి మనం కానివాళ్లమైపోయాం." డోర్మమ్ముని ఓడించడానికి కామిక్‌లో రెండు మూడు సంచికలు చాలు. ఈ ఫోన్ వల్ల తెగిన రాకపోకలు మళ్లీ అతకాలంటే ఇంకో పెళ్లి జరగాలి, అందులో ఎవరో ఒకరు అలగాలి, ఇంకొకరు బతిమాలాలి.

రహస్య జీవితం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కళ్లజోడు పెట్టుకుంటే సూపర్‌మాన్‌ని ఆఫీసులో ఎవరూ గుర్తుపట్టరట. ట్రంక్ రోడ్డులో టీ తాగేవాడు వెనకనుంచి నడక చూసి తాత పేరు, ఇంటిపేరు, ఆ తాత ఎవరికి బాకీ ఉన్నాడో కూడా చెప్తాడు. ముసుగుల ఖర్చు దండగ.

పోనీ నిజం ఒప్పుకుని, "ఊరిని కాపాడుతుండగా గృహప్రవేశానికి రాలేకపోయా అత్తయ్యా" అన్నాడనుకోండి, అదీ చెల్లదు. "మీ బావకి మాత్రం పనిలేదా? రొయ్యల గుంట కాడ కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోతే, తెల్లవార్లూ జనరేటర్ కాడ కూచుని, అట్నే వచ్చి మొదటి పంక్తిలో తిని పోయినాడు. నీకు గాల్లో ఎగరడం కూడా వచ్చుగా?" దీనికి సమాధానం ఏ మంత్రగ్రంథంలోనూ లేదు.

న్యాయంగా చెప్పాలంటే స్పైడర్‌మాన్ కొంత నయం. 1962లో వచ్చినప్పటి నుంచీ అతనికి డబ్బు ఇబ్బంది ఉంది, మే పెద్దమ్మ ఆరోగ్యం ఉంది, అమ్మాయికిచ్చిన మాట తప్పడం ఉంది. 1987లో మేరీ జేన్‌తో పెళ్లి కూడా చేశారు. అంతా బాగుందనుకుంటుండగా 2007లో కొంప ముంచారు. పెద్దమ్మకి తూటా తగిలి చావుబతుకుల్లో ఉంటే మెఫిస్టో అనే నరకాధిపతి వచ్చి, "ఆమెను బతికిస్తా, బదులుగా మీ పెళ్లి నాకిచ్చేయండి" అంటాడు. మొగుడూ పెళ్లాం సరేనంటారు. అంతే, ఆ పెళ్లి అసలు జరగనే లేదన్నట్టు లోకమంతా మర్చిపోతుంది.

లోకం మర్చిపోవచ్చు. చదివింపుల పుస్తకం మాటేమిటి? పొడుగాటి నోటు బుక్కు, మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు. మంటపం పక్కన టేబులేసుకుని నమ్మకస్తుడైన చిన్నాన్న ఒకడు కూర్చుని పేరు, ఊరు, 1,116 అని రాసింది. అది బీరువాలో చీరల కింద ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లింట్లో శుభకార్యమైతే, మనకి ఎంత చదివించారో ఆ పుస్తకం తీసి చూశాకే కవర్లో డబ్బు పెడతాం. పెళ్లే జరగలేదంటే ఆ బాకీలన్నీ ఏ ఖాతాలో రాయాలి? వెంకటగిరి చీర పెట్టించుకున్న ఆడపడుచు తిరిగిస్తుందా? కల్యాణమంటపం అడ్వాన్సు ఎవరు భరిస్తారు? పెళ్లి వాళ్లిద్దరిదే అనుకుని మెఫిస్టో వాళ్లిద్దరితోనే బేరమాడాడు. ఆడపెళ్లివారిని పిలవలేదు, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టలేదు.

మా వైపు వచ్చి ఉంటే ముందు కాళ్లకి నీళ్లిచ్చి, మామిడికాయ వేసిన చేపల పులుసుతో అన్నం పెట్టి, తర్వాత మాట్లాడేవాళ్లు. ఆ పాటికి మంచంలో ఉన్న పెద్దమ్మే కొంచెం లేచి కూర్చుని అతన్ని ఎగాదిగా చూసేది.

"ఎర్రగా, ఒడ్డూపొడుగూ బాగానే ఉండాడే. పెళ్లయిందా అబ్బయ్యా? ఏ ఊరు మీది?"

"నరకం."

"ఎండలు మా కనిగిరి మాదిరేనా, ఇంకా ఎక్కువా? నీళ్లకి ఇబ్బంది లేకపోతే చెప్పు, మా చెల్లెలి కూతురు ఒకతి ఉండాది."