"మెయిల్ సర్వర్ పీకి పారేయండి" అని తిరుగుతున్న మెసేజ్‌కు నా జవాబు

బెంగళూరులో మారతహళ్లి వైపు ఉండే మా తెలుగువాళ్లకు ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. ఖాళీ రూములు, పండక్కి ఊరెళ్లే బస్సు టికెట్లు, ఎవరింటి నుంచి ఆవకాయ వచ్చింది, ఇవే అందులో కబుర్లు. సర్వర్లు చూసుకునేవాళ్లం కూడా కొంతమందిమి ఉన్నాం కాబట్టి మధ్యమధ్యలో లినక్స్ చిట్కాలు వచ్చిపడుతుంటాయి. పోయిన వారం ఒకే మెసేజ్ నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇది: లినక్స్‌లో మెయిల్ సర్వర్ పాతకాలపు చెత్త, అది ఉందంటే మెయిల్ వచ్చే ద్వారమైన 25వ పోర్ట్ తెరిచి హ్యాకర్లను పిలిచినట్టే, రిమూవ్ కమాండ్ ఒక్కటి కొడితే శుభ్రంగా పోతుంది, పోయినందువల్ల ఇంకేదీ ఆగదు, ఆ తర్వాత కూడా సెండ్‌మెయిల్ అనే ఫైల్ కనిపిస్తే చేత్తో డిలీట్ చేయండి, ఎప్పుడైనా అవసరమైతే పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ వేసుకుంటే ఐదు నిమిషాల్లో సొంత మెయిల్ రెడీ, నెలనెలా ఎవడికీ డబ్బు కట్టక్కర్లేదు. చివర్లో రెండు చేతులు జోడించిన బొమ్మ, పదిమందికి పంపమని విన్నపం.

మెయిల్ సర్వర్ తీయకూడదని నేననడం లేదు. నేనే బోలెడు మెషీన్ల మీద తీసేశాను. ఈ మెసేజ్ చెప్పినట్టు కళ్లు మూసుకుని తీయడంతోనే నా పేచీ, అదీ ఒకసారి చేతులు కాల్చుకున్నాను కాబట్టి.

"పోయినందువల్ల ఇంకేదీ ఆగదు." ముందు దీని సంగతి చూద్దాం.

2017లో నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో ఉండేవాణ్ని. సెంట్‌ఓఎస్ 6 అనే లినక్స్ నడిచే మెషీన్ ఒకటి, దాని మీద డేటాబేస్ కొత్త వెర్షన్ వేయాలి, పాత మైఎస్‌క్యూఎల్-లిబ్స్ ప్యాకేజీ అడ్డం పడుతోంది. ప్యాకేజీలు తీసే యమ్ రిమూవ్ కమాండ్ కొట్టాను. ఇవన్నీ కూడా పోతాయి, సరేనా అని అది ఒక లిస్టు చూపించి అడిగింది. నేను చదవకుండా వై నొక్కాను. సాయంత్రం ఆరు దాటాక సిల్క్ బోర్డ్ దగ్గర ఇరుక్కుంటే ఇంటికి ఎన్నింటికి చేరతామో తెలిసినవాడెవడూ ఆ టైములో లిస్టులు చదవడు. ఆ లిస్టులో పోస్ట్‌ఫిక్స్ ఉంది, దాని కిందే క్రోనీ ఉంది. ఆ వెర్షన్‌లో పోస్ట్‌ఫిక్స్‌కు మైఎస్‌క్యూఎల్ లైబ్రరీ కావాలి, టైము ప్రకారం పనులు నడిపే క్రోనీకేమో సెండ్‌మెయిల్ కమాండ్ కావాలి, అంటే తీగ లాగితే డొంకంతా కదిలింది. రాత్రి రెండు గంటలకు నడవాల్సిన బ్యాకప్ ఆ రాత్రి నడవలేదు, మర్నాడూ నడవలేదు. బ్యాకప్ ఆగితే మాకు మెయిల్ రావాలి కదా అంటారేమో, ఆ మెయిల్ పంపే స్క్రిప్టును నడిపేది క్రోనీలోని క్రోన్, మోసుకెళ్లేది పోస్ట్‌ఫిక్స్, రెండూ ఒకేసారి పోయాయి. పంతొమ్మిదో రోజున అకౌంట్స్‌లో ఒకాయన పోయిన వారం ఫైల్ ఒకటి తీసిమ్మంటే అప్పుడు బయటపడింది. ఆ మధ్యాహ్నం నేను పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

అది పాత మెషీన్ కథ, సెంట్‌ఓఎస్ 6కి 2020 నవంబర్‌లోనే కాలం చెల్లింది, ఇప్పుడలా ఉండదు అంటారా? సరే, ఇప్పటి లినక్స్ రకాలు డెబియన్, ఉబుంటు చూద్దాం. వాటిలో క్రోన్‌కు మెయిల్ సర్వర్ ఉంటే మంచిదనే సిఫార్సు ఉంటుంది తప్ప తప్పనిసరి కాదు. కాబట్టి మెయిల్ సర్వర్ తీసినా క్రోన్ ఉంటుంది, పనులూ నడుస్తాయి. కాకపోతే ఏ పనైనా ఫెయిలై నాలుగు ముక్కలు చెప్పబోతే, ఎంటీఏ లేదు కాబట్టి అవుట్‌పుట్ పారేస్తున్నాను అని లాగ్‌లో ఒక్క లైను రాసి, నిజంగానే పారేస్తుంది. ఎంటీఏ అంటే మెయిల్ మోసే ప్రోగ్రామే. నా దృష్టిలో ఇది పాతదానికంటే ప్రమాదం, ఎందుకంటే పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. క్రోన్ ఒక్కటే కాదు. డిస్కులను జట్టుగా నడిపే రెయిడ్‌లో ఒక డిస్కు పోతే, దాన్ని కనిపెట్టుకునే ఎండీఏడీఎం మెయిల్ రాస్తుంది, డిస్కు ఆరోగ్యం చూసే స్మార్ట్‌డీ రాస్తుంది, పీహెచ్‌పీలో మెయిల్ ఫంక్షన్ ఉన్న వెబ్‌సైట్లు ఈ దారినే వాడతాయి. మెషీన్‌కు నోరుందంటే అది ఇదే.

డెబియన్, ఉబుంటులో తీసేముందు ఆప్ట్-గెట్ రిమూవ్‌కు మైనస్ చిన్న ఎస్ తగిలించి ఒకసారి నడపండి, నిజంగా ఏమీ తీయకుండా ఏమేం పోతాయో చూపిస్తుంది. యమ్‌కు వారసుడైన డీఎన్‌ఎఫ్ అయితే ఎలాగూ అడుగుతుంది, లిస్టు చదివి నో అనండి. డెబియన్‌లో ఇంకో విచిత్రం ఉంది: మెయిల్ సర్వర్ కావాలనే బీఎస్‌డీ-మెయిలెక్స్ లాంటి ప్యాకేజీ ఉండి, మీరు ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్‌ను తీయబోతే, ఆప్ట్ ఒక్కోసారి దాని స్థానంలో ఇంకో మెయిల్ సర్వర్‌ను తెచ్చి పెడుతుంది. తీసేశాం అనుకుంటాం, చూస్తే కొత్తది కూర్చుని ఉంటుంది.

తర్వాత "సెండ్‌మెయిల్ ఫైల్ కనిపిస్తే చేత్తో డిలీట్ చేయండి". ఇది చదివి నిజంగానే నవ్వొచ్చింది. సెండ్‌మెయిల్ అనేది ఎరిక్ ఆల్మన్ బర్కిలీలో రాసిన ప్రోగ్రామ్, 1983లో, లినక్స్‌కు ముందు తరమైన బీఎస్‌డీ యూనిక్స్‌తో పాటు బయటికొచ్చింది. అప్పట్నుంచి యూనిక్స్ మీద మెయిల్ పంపాల్సిన ప్రతి ప్రోగ్రామూ ఆ పేరునే పిలవడం అలవాటు చేసుకుంది. 1995లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఫిలిప్ హేజెల్ ఎగ్జిమ్ మొదలుపెట్టినా, 1998లో ఐబీఎంలో ఉండగా వీట్సె వెనెమా పోస్ట్‌ఫిక్స్ విడుదల చేసినా, ఆ అలవాటును చెడగొట్టలేదు. యూఎస్ఆర్ కింద ఎస్‌బిన్‌లో సెండ్‌మెయిల్ అనే పేరుతోనే తమ ప్రోగ్రామ్‌ను పెట్టారు. ఏ బ్రాండ్ వనస్పతినైనా మనవాళ్లు డాల్డా అన్నట్టే ఇది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో (సెంట్‌ఓఎస్ దాని తాలూకే) అది ఒక లింక్ మాత్రమే, ఆల్టర్నేటివ్స్ కమాండ్‌తో ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. బీఎస్‌డీ యూనిక్స్‌కు వారసుడైన ఫ్రీబీఎస్‌డీలో అయితే మెయిలర్.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్ చూసి అసలు ప్రోగ్రామ్ దగ్గరికి పంపే దారికాపరి అది. 2023లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 14లో డిఫాల్ట్‌గా సెండ్‌మెయిల్ బదులు డీఎంఏ అనే చిన్న మెయిల్ ప్రోగ్రామ్ పెట్టారు, ఆ ఫైల్ పేరు మాత్రం మారలేదు. అందుకని ఆ ఫైల్ కనిపించగానే పాత సెండ్‌మెయిల్ దాక్కుందని కంగారుపడకండి. డెబియన్‌లో డీపీకేజీ మైనస్ పెద్ద ఎస్, రెడ్‌హ్యాట్‌లో ఆర్‌పీఎం మైనస్ క్యూఎఫ్ అని ఆ ఫైల్ పేరిచ్చి అడిగితే ఏ ప్యాకేజీదో అదే చెబుతుంది. చేత్తో డిలీట్ చేస్తే ప్యాకేజీ మేనేజర్ లెక్కల్లో అది ఉన్నట్టే ఉంటుంది, వాస్తవంలో ఉండదు, మళ్లీ రీఇన్‌స్టాల్ చేసేదాకా ఈ పిచ్చి తగ్గదు.

"రిమూవ్ కొడితే శుభ్రంగా పోతుంది." పోదు. డెబియన్‌లో రిమూవ్ ప్రోగ్రామ్‌ను తీసి సెట్టింగుల ఫైళ్లను ఉంచుతుంది, డీపీకేజీ లిస్టులో ఆ ప్యాకేజీ ముందు ఆర్‌సీ అని కనిపించేది అందుకే. అవి కూడా పోవాలంటే పర్జ్ చేయాలి. ఆర్‌పీఎం వైపు అయితే మీరు మార్చిన సెట్టింగుల ఫైల్ ఆర్‌పీఎంసేవ్ అనే తోకతో మిగులుతుంది. ఇవన్నీ చిన్న విషయాలు. అసలు చూసుకోవాల్సింది క్యూ. బయటికి వెళ్లక ఆగిన మెయిళ్లు ఉంటాయి, ఎవరో కస్టమర్‌కు వెళ్లాల్సిన ఇన్‌వాయిస్ కావచ్చు. తీసేముందు మెయిల్‌క్యూ కమాండ్ కొట్టి చూడండి, ఉంటే పంపించి ఆ తర్వాత తీయండి. ఒక సర్వర్ క్యూను ఇంకో సర్వర్ చదవలేదు, ఎగ్జిమ్ తీసి పోస్ట్‌ఫిక్స్ వేస్తే ఎగ్జిమ్ క్యూలో ఉన్నవి అక్కడే అనాథలవుతాయి. పోస్ట్‌ఫిక్స్‌ను సోర్స్ కోడ్ నుంచి నేరుగా వేసేవాళ్లకు దాని సూచనల్లోనే ఈ జాగ్రత్త రాసిపెట్టారు: పాత సెండ్‌మెయిల్‌ను తీసేయకండి, సెండ్‌మెయిల్.ఆఫ్ అని పేరు మార్చి పక్కన పెట్టండి, పాత క్యూలో మిగిలిన మెయిళ్లను దానితోనే పంపించండి అని. పెద్దమనిషి తరహా అంటే అదీ. పైగా సోర్స్ నుంచి కంపైల్ చేసి వేసినదాన్ని ఆప్ట్ గుర్తించదు, రిమూవ్ కొట్టినా చేతులెత్తేస్తుంది.

25వ పోర్ట్ మాట పూర్తిగా అబద్ధం కాదు, ఒప్పుకుంటాను. 1988 నవంబర్ 2న బయల్దేరి మెషీన్ నుంచి మెషీన్‌కు పాకిన మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ వాడుకున్న దారుల్లో సెండ్‌మెయిల్ డీబగ్ సదుపాయం ఒకటి. 2019లో ఎగ్జిమ్ 4.87 నుంచి 4.91 వరకు ఉన్న వెర్షన్లలో బయటివాడు కమాండ్లు నడిపించగల లోపం దొరికింది, సీవీఈ-2019-10149 అని వెతికితే వస్తుంది. కాబట్టి ఇంటర్నెట్ వైపు తెరిచిపెట్టి అప్‌డేట్లు వదిలేస్తే మునుగుతారు. కానీ "ఉంది" అంటే "తెరిచి ఉంది" అని కాదు. ఎస్‌ఎస్ మైనస్ ఎల్‌ఎన్‌టీపీ కొట్టి 25 ఎదురుగా ఏ అడ్రస్ ఉందో చూడండి. 127.0.0.1 అయితే ఆ మెషీన్ లోపలివాళ్లకే అది వినిపిస్తుంది. రెడ్‌హ్యాట్ పోస్ట్‌ఫిక్స్ డిఫాల్ట్‌గా వచ్చేది అలాగే. ఆ మాత్రం కూడా వద్దనుకుంటే నల్‌మెయిలర్ లాంటి చిన్న ప్యాకేజీ వేయండి, ఏ పోర్టూ తెరవదు, మెషీన్ చెప్పాలనుకున్నది మీ అసలు మెయిల్ సర్వర్‌కు అప్పగించి తప్పుకుంటుంది. నేను చాలాచోట్ల చేసింది ఇదే.

ఇక ఐదు నిమిషాల సొంత మెయిల్. ఇన్‌స్టాల్ వరకే అయితే ఐదు కూడా ఎక్కువ, రెండు నిమిషాల పని. డెబియన్‌లో వేస్తుంటే ఇంటర్నెట్ సైటా, స్మార్ట్‌హోస్టా, లోకల్ ఓన్లీనా అని నీలం స్క్రీన్ అడుగుతుంది, మనవాళ్లు ఎంటర్ నొక్కేస్తారు. తర్వాత మొదలవుతుంది కథ. అమెజాన్ అద్దె సర్వర్లు ఏడబ్ల్యూఎస్‌లో బయటికి వెళ్లే 25వ పోర్ట్ మొదట మూసే ఉంటుంది, తెరవమని అర్జీ పెట్టుకోవాలి. ఐపీ అడ్రస్ నుంచి పేరు తెలిసేలా రివర్స్ డీఎన్‌ఎస్ పెట్టించాలి. మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ పెట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఇవన్నీ గట్టిగా చూస్తోంది, రోజుకు 5000 దాటి పంపేవాళ్లకు ఆ రుజువు ఫెయిలైతే ఏం చేయాలో చెప్పే డీమార్క్ కూడా తప్పనిసరి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ మీద పెడదామనుకుంటే మరీ కష్టం, ఇళ్ల కనెక్షన్ల ఐపీలను చాలామంది తలుపు దగ్గరే ఆపేస్తారు. మెయిల్ పోవడం లేదని విసిగి, ఎవరి మెయిల్‌ను ముందుకు పంపాలో చెప్పే మైనెట్‌వర్క్స్ లైనులో 0.0.0.0/0 అని పెట్టేవాళ్లను చూశాను, అంటే లోకంలో ఎవడైనా నా సర్వర్ నుంచి ఎవరికైనా స్పామ్ పంపుకోవచ్చని బోర్డు కట్టినట్టు. ఇంకో మాట, పోస్ట్‌ఫిక్స్‌ది పోస్ట్‌మ్యాన్ పని. ఫోన్‌లో ఇన్‌బాక్స్ తెరుచుకోవాలంటే డవ్‌కాట్ లాంటిది వేరే వేయాలి. సొంతంగా పెట్టుకున్న మొనగాళ్లు లేకపోలేదు, వాళ్లెవరూ ఐదు నిమిషాలని చెప్పరు.

ఈ మెసేజ్‌ను గ్రూప్‌లో వేసిన కుర్రాడు మా కింది ఫ్లోర్‌లోనే ఉంటాడు, కడప వైపు. శనివారం ఆంధ్రా మెస్‌లో కూర్చున్నప్పుడు లాప్‌టాప్ తెరిచి, "అన్నా, నీ జవాబు సరే, నాకైతే లాగిన్ అయిన ప్రతిసారీ యూ హ్యావ్ మెయిల్ అని వస్తోంది, ఆ గోల పడలేకే తీసేద్దామనుకున్నా" అన్నాడు.

"ఆ మెయిల్ ఏముందో చూశావా?"

"చూళ్లేదన్నా. లోకల్ మెయిలే కదా అని."

"తెరువు."

మెయిల్ అని కొట్టాడు. నలభై మూడు ఉన్నాయి, రోజుకొకటి చొప్పున, అన్నింటికీ ఒకటే సబ్జెక్ట్: డిగ్రేడెడ్‌అరే ఈవెంట్. రెండు డిస్కుల రెయిడ్‌లో ఒకటి నెలన్నర కిందటే పోయింది, రెండోది ఒంటరిగా లాగుతోంది. పప్పన్నం అలాగే వదిలేసి, ఎడంచేత్తో ఎస్పీ రోడ్డులో తెలిసిన కంప్యూటర్ విడిభాగాల షాపు నంబర్ వెతకడం మొదలుపెట్టాడు.