తలాపున తుపాకి: అమెరికా తెలుగు ఇంటికి అది కాపలాయేనా?

గత వేసవిలో డాలస్ శివారులో ఉంటున్న ఒక బంధువు ఇంటికి భోజనానికి వెళ్లాను. తిన్న తర్వాత ఆయన మేడ మీదికి తీసుకెళ్లి, పడకగది క్లోజెట్‌లో వేలాడుతున్న చొక్కాలను పక్కకు జరిపి, గోడకు బిగించిన చిన్న ఇనుప పెట్టెను చూపించారు. వేలిముద్రతో తెరుచుకునే సేఫ్ అది. లోపల తూటాలు నింపి ఉంచిన 9 ఎంఎం పిస్టల్. ‘‘రెండు సెకన్లలో చేతికొస్తుంది’’ అంటూ వేలు పెట్టారు. అప్పుడే గిన్నెలు కడిగిన చెయ్యి కావడంతో పెట్టె ఎర్రదీపం వెలిగించి ఊరుకుంది. లుంగీకి తుడుచుకుని మళ్లీ పెట్టారు, మళ్లీ ఎర్రదీపమే. మూడోసారికి తెరుచుకుంది. అందరం నవ్వేశాం. ఇంటికి వస్తుంటే మాత్రం, ఆ పెట్టె తేలిగ్గా తెరుచుకుంటే ఒక భయం, తెరుచుకోకపోతే ఇంకో భయం కదా అనిపించింది.

ఆయన చేత ఆ పెట్టె కొనిపించిన భయం ఉత్తది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతాలో, పని ముగించుకుని స్నేహితుడితో బార్‌లో కూర్చున్న హైదరాబాద్ ఇంజనీరును, మా దేశం వదిలి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. దుకాణాల్లో, గ్యాస్ స్టేషన్లలో రాత్రి షిఫ్టు చేస్తూ దోపిడీగాళ్ల తూటాలకు బలైన విద్యార్థుల వార్తలు తెలుగు పత్రికలు చదివేవారికి కొత్త కాదు. ఇళ్ల సంగతికే వస్తే, 2011–2014 మధ్య ఒక ముఠా జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సాస్ రాష్ట్రాల్లో భారతీయ, ఇతర ఆసియా కుటుంబాలను ఏరి మరీ దోచుకుంది. ఇంట్లోవాళ్లను తుపాకులతో బెదిరించి, టేపుతో కట్టేసి, నగలూ నగదూ పట్టుకుపోయేవారు. ఆ ముఠాను నడిపించిన హ్యూస్టన్ మహిళకు ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలుశిక్ష వేసింది. మన ఇళ్లలో బంగారం ఉంటుందన్న సంగతి మనకన్నా దొంగలకే బాగా తెలుసు. కాబట్టి తుపాకి కొనాలనుకునే తెలుగువాడిని చూసి ఇతనికి అమెరికా పిచ్చి పట్టిందని ఎగతాళి చేయడం అన్యాయం.

చట్టం కూడా అడ్డేమీ కాదు. 1791 నుంచి రాజ్యాంగంలో ఉన్న రెండో సవరణకు అర్థం చెబుతూ, ఆత్మరక్షణ కోసం ఇంట్లో చేతితుపాకి ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తేల్చింది. గ్రీన్ కార్డు ఉన్నవారూ కొనుక్కోవచ్చు. ఎఫ్-1, హెచ్-1బీ వంటి వీసాల మీద ఉన్నవారికి ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది గానీ, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. జింక వెంట ఒక్క అడుగు వేయని కుర్రవాడికి కూడా అలా దారి దొరుకుతుంది. లైసెన్సు కోసం ప్రాణహాని ఉందని అధికారులను ఒప్పించి, పోలీసు విచారణ పూర్తయ్యేదాకా ఎదురుచూసి, ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆయుధాన్ని స్టేషన్‌లో అప్పగించాల్సిన దేశం నుంచి వచ్చినవారికి ఈ సౌలభ్యం వింతగానే ఉంటుంది. హక్కు ఉందా లేదా అన్నది తేలిపోయింది. ఉంచుకోవడం తెలివైన పనేనా అన్నది మాత్రం ఏ కోర్టూ చెప్పలేదు.

ఆ తీర్పులోనే అసలు చిక్కుముడి ఉంది. హెల్లర్ కేసులో కొట్టేసిన వాషింగ్టన్ డీసీ చట్టం ప్రకారం ఇళ్లలోని తుపాకులను తూటాలు తీసేసి, విడదీసి గానీ ట్రిగ్గర్‌కు తాళం బిగించి గానీ ఉంచాలి. అలా ఉంచితే ఆత్మరక్షణ అనే అసలు అవసరానికే అది అక్కరకు రాదని మెజారిటీ తరఫున తీర్పు రాసిన న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియా అన్నారు. ఆ మాటను తప్పుపట్టలేం. మరోవైపు అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ ఏళ్ల తరబడి చెబుతున్నదేమిటంటే, పిల్లలున్న ఇంట్లో తుపాకి లేకపోవడమే మేలు, ఉండక తప్పకపోతే తూటాలు తీసి, తాళం వేసి, తూటాలను వేరే చోట ఇంకో తాళంలో ఉంచాలి అని. దీన్నీ తప్పుపట్టలేం. డాక్టర్లు చెప్పినట్టు దాస్తే కోర్టు చెప్పిన ప్రయోజనం పోతుంది, కోర్టు చెప్పిన ప్రయోజనం కావాలంటే డాక్టర్ల జాగ్రత్త పోతుంది. మా బంధువు కొన్న వేలిముద్ర పెట్టె ఈ రెండింటికీ మధ్య ఏదో దారి ఉందన్న ఆశను అమ్ముతుంది. తడి చేతికి, చెమట చేతికి, నిద్రమత్తులో వణికే చేతికి ఆ ఆశ ఎంతవరకు పనికొస్తుందో పగటిపూట, భోజనం తర్వాత, నవ్వుతూ నిలబడ్డప్పుడే చూశాం.

దొంగ వచ్చే తీరు కూడా మనం ఊహించుకునేలా ఉండదు. అమెరికా న్యాయశాఖ గణాంక విభాగం 2003–2007 నాటి లెక్కల ప్రకారం ఏటా సగటున 37 లక్షల ఇళ్లలో దొంగలు పడ్డారు. ఇంట్లో ఎవరో ఒకరు ఉండగా పడినవి అందులో సుమారు 10 లక్షలు. వాటిలోనూ ఇంట్లోవాళ్ల మీద దాడి జరిగినవి 2,66,560, అంటే మొత్తం మీద వందకు ఏడు. ఆ ఏడింటిలోనూ 65 శాతం సందర్భాల్లో దాడి చేసినవాడు ఇంటివాళ్లకు తెలిసినవాడే. ఇంట్లో ఎవరో ఒకరు ఉన్న ఆ 10 లక్షలు పోగా, మిగతా ఎక్కువ సార్లు ఇల్లు ఖాళీగా ఉంటుంది. దొంగకు ఎదురుపడే తుపాకి వాడి సంచిలోకే పోతుంది. 2005–2010 మధ్య ఏటా సగటున సుమారు 1,72,000 తుపాకులు ఇలా ఇళ్లలో పడ్డ దొంగతనాల్లో పోయాయని అదే విభాగం లెక్క. ఇక టేపుతో కట్టేసే ముఠా నలుగురు ఒక్కసారిగా తలుపు తోసుకుని వచ్చినప్పుడు, కింద హాల్లో టీవీ చూస్తున్న మనిషికి మేడ మీద చొక్కాల వెనకున్న పెట్టె ఎంత దూరమో వేరే చెప్పనక్కర్లేదు.

దొంగ రాని రాత్రులు చాలా ఎక్కువ, ఆ రాత్రుల్లోనూ చప్పుళ్లు అవుతాయి. విజిటర్ వీసా మీద అమ్మానాన్నలు ఆరు నెలలకు దిగే మన ఇళ్ల సంగతే చూడండి. వచ్చిన కొత్తలో వాళ్లకు రాత్రి రెండున్నరకే తెల్లవారుతుంది. పిల్లలు నిద్రలేస్తారేమోనని లైటు వేయరు. చీకట్లోనే తడుముకుంటూ మెట్లు దిగి, వంటింట్లో కాఫీ గిన్నె కోసం అలమర తెరుస్తారు. అలవాటు లేని స్లైడింగ్ తలుపు లాగి, వాకిలి చూద్దామని పెరట్లోకి వెళ్లబోతారు, అలారం మోగుతుంది. ఆ క్షణంలో మేడ మీద ఒక మనిషి సగం నిద్రలో, గుండె దడదడలాడుతుండగా, తూటాలు నింపిన పిస్టల్ పట్టుకుని మెట్ల మీద నిలబడకూడదు. కథ కట్టి భయపెట్టడం కాదిది. 1992లో లూసియానాలోని బాటన్ రూజ్‌లో హాలోవీన్ పార్టీకి బయలుదేరి, ఇల్లు పొరబడి వేరే గడప తొక్కిన 16 ఏళ్ల జపాన్ విద్యార్థిని ఆ ఇంటాయన కాల్చేశాడు. కదలవద్దని ఇంగ్లిష్‌లో అరిచిన మాట ఆ పిల్లవాడికి అర్థమైనట్టు లేదు. జ్యూరీ ఆయన్ను నిర్దోషిగా వదిలేసింది. 2023 ఏప్రిల్‌లో కాన్సస్ సిటీలో తమ్ముళ్లను తీసుకురావడానికి వెళ్లి పొరపాటు ఇంటి కాలింగ్ బెల్ కొట్టిన మరో 16 ఏళ్ల అబ్బాయిని 84 ఏళ్ల వృద్ధుడు కాల్చాడు. అబ్బాయి అదృష్టవశాత్తు బతికాడు. ఫుడ్ డెలివరీ చేస్తూ చీకట్లో ఇంటి నంబర్లు వెతుక్కునే మన విద్యార్థులకు ఆ బెల్ ఎంత దగ్గరిదో తల్లిదండ్రులు ఊహించగలరు.

వీటన్నిటికన్నా పెద్ద విషయం గురించి మన గెట్ టుగెదర్‌లలో ఎవరూ మాట్లాడరు. అమెరికాలో 2023లో తుపాకి వల్ల పోయిన ప్రాణాలు సుమారు 46,700. అందులో 27,300 ఆత్మహత్యలు. అంటే తుపాకి మరణాల్లో సగానికి పైగా, పట్టుకున్న చేతికీ పోయిన ప్రాణానికీ మధ్య ఇంకో మనిషి లేడు. దొంగ కోసం కొన్న వస్తువు ఇంటివాళ్లనే ముందు చూస్తుంది.

దీనికి పోలిక కోసం మనం దూరం పోనక్కర్లేదు. పత్తిచేనుకు తెచ్చిన పురుగుల మందు డబ్బా వసారాలో పెట్టి ఉన్న ఇళ్లలో, ఒక పూట కోపమో, ఒక అప్పు నోటీసో, ఒక మాటపట్టింపో ప్రాణం మీదికి తెచ్చిన సంగతులు తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో ప్రతి ఊరికీ తెలుసు. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను వరుసగా నిషేధించాక అక్కడ ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గాయి. ఆ మనుషుల కష్టాలు తీరి కాదు, ఆ గడియలో చేతికందేది చేతికందక. 2006లో ఇజ్రాయెల్ సైన్యం వారాంతంలో ఇంటికి వెళ్లే యువ సైనికులను రైఫిల్ శిబిరంలోనే వదిలి వెళ్లమన్నాక వారి ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి. గడియ దాటితే మనిషి బతుకుతాడు. తుపాకి ఆ గడియను దాటనివ్వదు. లేఆఫ్ నోటీసు అందుకున్న తండ్రి, కాలేజీ అడ్మిషన్ల ఒత్తిడిలో గది తలుపు వేసుకుంటున్న పదిహేడేళ్ల కూతురు, పరాయి దేశంలో భర్తతో మాటలు పడుతూ ఎవరితోనూ చెప్పుకోలేని కోడలు ఉన్న ఇళ్లు మనవీ ఉన్నాయి.

తుపాకి పక్షాన మాట్లాడేవారికి దీనికి జవాబు ఉంది: చావాలనుకునేవారే తుపాకి కొంటారు, తుపాకి వల్ల చావు రాదు అని. గట్టి వాదనే. 1993లో పరిశోధకుడు ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం, తుపాకి ఉన్న ఇంట్లో హత్య జరిగే అవకాశం 2.7 రెట్లు ఎక్కువని ప్రకటించినప్పుడు వచ్చిన విమర్శల్లో ఇలాంటిదే ప్రధానం. (ఆ కోపంలో 1996లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఈ పరిశోధనల డబ్బుకే గండి కొట్టింది, మళ్లీ చెప్పుకోదగ్గ నిధులు రావడానికి రెండు దశాబ్దాలు దాటింది. జ్వరం చూపించిందని థర్మామీటర్ విరగ్గొట్టినట్టుంది ఈ వ్యవహారం.) అయితే 2020లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2.6 కోట్ల మంది కాలిఫోర్నియా వాసులను 2004 నుంచి 2016 వరకు గమనించి ఇచ్చిన లెక్క ఆ వాదనను చాలావరకు బలహీనపరిచింది. చేతితుపాకి ఉన్న మగవారిలో తుపాకి ఆత్మహత్యలు లేనివారికన్నా సుమారు 8 రెట్లు, ఆడవారిలో 35 రెట్లు. ఇతర పద్ధతుల ఆత్మహత్యలు మాత్రం వారిలో ఎక్కువగా లేవు. పైగా ఆ తుపాకి ఆత్మహత్యల్లో సగానికి పైగా, కొన్న ఏడాది దాటాక జరిగినవి. అంటే చావు కోసం కాక, దొంగ కోసమో సరదా కోసమో కొన్నవే ఎప్పుడో ఒక రోజు అలా పనిచేశాయి. అదే బృందం 2022లో, తుపాకి యజమానితో ఒకే ఇంట్లో ఉంటున్న, తాము తుపాకి కొనని మనుషులను చూసింది. తుపాకి లేని ఇళ్లవారికన్నా, వారు జీవిత భాగస్వామి చేతిలో కాల్పులకు చనిపోవడం ఏడు రెట్లు ఎక్కువ. అలా పోయినవారిలో 84 శాతం ఆడవాళ్లు.

తుపాకి చూపించి దొంగను తరిమినవారు లేరా అంటే, ఉన్నారు. ఎంతమంది అన్నదానిపైనే గొడవ. ఏటా 25 లక్షల సార్లు అని 1995లో నేరశాస్త్ర పరిశోధకుడు గ్యారీ క్లెక్ సర్వే చెబితే, ప్రభుత్వం జరిపే నేరబాధితుల సర్వే ఆధారంగా వచ్చే లెక్క లక్షకు అటూ ఇటూ. ఏది నమ్మినా, ఆ ప్రభుత్వ సర్వేలో నేరం ఎదుర్కొన్నవారిలో తుపాకి వాడినవారు వందలో ఒకరు కూడా లేరు.

పిల్లలకు తెలియకుండా దాచామనే ధీమా గురించి ఒక మాట. అలబామాలో తల్లిదండ్రులనూ పిల్లలనూ విడివిడిగా అడిగిన ఒక అధ్యయనం 2006లో వచ్చింది. మా పిల్లలు ఆ తుపాకిని ఎప్పుడూ ముట్టుకోలేదని చెప్పిన తల్లిదండ్రుల్లో 22 శాతం మందిని వారి పిల్లలే కాదన్నారు. ఉట్టి ఎంత ఎత్తున కట్టినా వెన్న దొరికిందని కథలు చెప్పుకుని మురిసే జాతికి ఈ సంగతి వేరే అధ్యయనం చెప్పాలా? పెద్దపిల్లల సంగతి ఇంకోలా ఉంటుంది. 2024 నవంబరులో అట్లాంటాలో, పుట్టినరోజు నాడు తన తుపాకిని శుభ్రం చేస్తుండగా అది పేలి, హైదరాబాద్ నుంచి చదువుకోవడానికి వెళ్లిన 23 ఏళ్ల యువకుడు చనిపోయాడు. స్నేహితులు పక్కగదిలోనే ఉన్నారు.

ఇదంతా చూశాక నా అభిప్రాయం దాచుకోవాల్సిన పని లేదు. ఊరికి దూరంగా, షెరిఫ్ కారు రావడానికి అరగంట పట్టే చోట గ్యాస్ స్టేషన్ నడుపుతూ దాని వెనకే కాపురం ఉంటున్నవారి లెక్క వేరు. శిక్షణ తీసుకుని, క్రమం తప్పకుండా సాధన చేసి, పిల్లలు లేని ఇంట్లో వాళ్లు ఉంచుకుంటే నాకు చెప్పేదేమీ లేదు. పోలీసులు పది నిమిషాల్లో వచ్చే శివారు కాలనీల్లో, పిల్లలతో, వచ్చిపోయే పెద్దలతో నిండిన మన ఇళ్లకు మాత్రం అది వద్దు. ముఠాలు వచ్చింది బంగారం కోసం. నాంతాడు, నల్లపూసలు తప్ప మిగతా నగలు బ్యాంకు లాకర్లోకి పోతే, పెళ్లిలో వేసుకున్న హారాల ఫొటోలు ఊరంతా చూసేలా పెట్టడం తగ్గితే వాళ్లు వెతికే సొత్తే ఇంట్లో ఉండదు. ముందు తలుపు గడియ దిగే ఇనుప పట్టీకి వచ్చే అరంగుళం స్క్రూలు తీసి, చట్రం లోపలి కట్టెలోకి దిగే మూడంగుళాల స్క్రూలు బిగిస్తే ఒక్క తన్నుకు ఊడే తలుపు చాలా తన్నులకు నిలబడుతుంది. ఖర్చు పది డాలర్లు కూడా ఉండదు. కుక్క, కెమెరా, పడకగదికి గట్టి గడియ, చేతిలో ఫోన్: వీటిలో ఏదీ రాత్రి రెండున్నరకు కాఫీ పెట్టుకుంటున్న అమ్మను చంపదు.

మా అబ్బాయిని రాత్రి ఎవరింట్లోనైనా పడుకోవడానికి పంపే ముందు నేను ఇప్పుడు ఒక ప్రశ్న అడుగుతున్నాను. వేరుశనగ పడదని, కుక్కంటే భయమని, గుడ్డు తింటాడు గానీ చికెన్ తినడని చెప్పే ఫోన్‌లోనే, మీ ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే తాళంలో ఉందా అని. మొదటిసారి అడగడానికి నాలుక రాలేదు. ఇంటికి పిలిచినవాళ్లను ఇంత మాట అంటామా అనిపించింది. ఇంతవరకు ఎవరూ నొచ్చుకోలేదు. ఇద్దరు మాత్రం కాసేపు ఆగి, గొంతు తగ్గించి, ఉందన్నారు. అందులో ఒకరి ఇంట్లో పిల్లలు రెండేళ్లుగా వారం వారం కలిసి ఆడుకుంటున్నారు.