108 సిబ్బందికి కౌన్సెలింగ్ తప్పనిసరి చేయాలా?

ప్రతిపాదన: ఘోర ప్రమాదానికి వెళ్లివచ్చిన 108 సిబ్బందికి ఆ వారంలోపే కౌన్సెలింగ్ తప్పనిసరి చేయాలి. ఇది మానసిక వైద్యురాలి వాదం. వ్యతిరేకిస్తున్నది చాలాకాలంగా ఈఎంటీగా, అంటే అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే ఉద్యోగిగా, పనిచేస్తున్న వ్యక్తి.

వైద్యురాలు: 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవను మనమందరం మెచ్చుకుంటాం గానీ, బండిలోని మనిషి ఏమవుతున్నాడో అడగము. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు, స్పృహతప్పి పడిపోయినవారిని మోసినవారిలో అంబులెన్సు సిబ్బందీ పోలీసులూ ఉన్నారు. అటువంటివి చూసివచ్చినవారిని ఇష్టముంటే రమ్మంటే, పిరికివాడన్న ముద్ర పడుతుందని ఎవరూ రారు. అందరినీ రమ్మంటే ఆ ముద్ర ఉండదు.

ఈఎంటీ: భయం నిజమే డాక్టరుగారూ, కాదనను. కానీ ప్రమాదంలో దెబ్బతిన్న పిల్లవాణ్ణి క్యాజువాలిటీలో అప్పగించి, కాగితం మీద డ్యూటీ డాక్టరు సంతకం తీసుకొని, బయట కుళాయి దగ్గర స్ట్రెచరుకు అంటిన రక్తం కడుగుతుండగానే ఫోన్ మోగుతుంది. గ్లవ్స్ మార్చుకొనేలోపు ఇంకో ఊరి కేసు. ఫ్యాక్టరీ కార్మికుడికి వారానికి 48 గంటల పరిమితిని 1948లోనే చట్టం చేశారు. మేము 12 గంటల షిఫ్టుల్లో బతుకుతూ, ఎనిమిది గంటల షిఫ్టు ఇవ్వమని నేటికీ అడుగుతున్నాము. మీ కౌన్సెలింగ్ పడేది మా వారాంతపు సెలవు మీదే.

వైద్యురాలు: దానిని డ్యూటీ కింద లెక్కకట్టాలంటాను. షిఫ్టు సరిచేయమనడం కౌన్సెలింగ్ వద్దనడానికి కారణం కాదు.

ఈఎంటీ: బలవంతం వద్దనడానికి కారణం మీ శాస్త్రంలోనే ఉంది. ఘటన జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే పద్ధతి 1980లలో అగ్నిమాపక, అంబులెన్సు సిబ్బంది కోసమే ప్రచారంలోకి వచ్చింది. తరువాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే అది పీటీఎస్‌డీని, అంటే ఘోరమైన ఘటన తరువాత మనసును వదలని రుగ్మతను, ఆపలేదని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దానిని సిఫారసు చేయదు.

(ఈ అభ్యంతరం బలమైనదని నా అభిప్రాయం. వైద్యురాలు కూడా దానిని దాటవేయలేదు.)

వైద్యురాలు: ఒప్పుకుంటాను. చెప్పించడం తప్పనిసరి కాకూడదు. కానీ నెల దాటినా నిద్రపట్టక, కళ్లు మూస్తే అదే రోడ్డు కనబడుతున్న మనిషిని ఎవరో ఒకరు పలకరించాలి. మానసిక సహాయానికి 2022లో వచ్చిన ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. అయితే అత్యంత అవసరమైనవాడే ఫోన్ చేయడు. అందువల్ల ఫోన్ మన వైపునుంచే వెళ్లాలి.

ఈఎంటీ: ఆ ఫోన్ సూపర్‌వైజరుకు తెలియకూడదు, డ్యూటీ రికార్డులోకి ఎక్కకూడదు. అంతకన్నా ముందు, పసిబిడ్డ చేతుల్లో పోయిన రోజున బండిని ఒక గంట ఆపే హక్కు మాకుండాలి. బండి రిపేరుకు వెళితే పక్క మండలం బండిని పంపుతారు గదా, మనిషి కూలబడితే ఎందుకు పంపరు?

వైద్యురాలు: పాడేరు వంటి ఏజెన్సీ ప్రాంతంలో పక్క బండి కొండదారిలో రావాలి. ఆ గంటలో కాన్పు కేసు వస్తే?

ఈఎంటీ: అందుకే అక్కడ ముందుగా రిలీవరు ఈఎంటీని ఇవ్వమంటున్నాను. బండి ఆగదు, మనిషి మారతాడు. దీనికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టని ప్రతిపాదనకు నేను సంతకం చేయను.