షీల్డు మీద దాత పేరుంది, గెలిచినవారి పేరు లేదు

మొన్న వేసవిలో నల్లగొండ జిల్లాలో నేను చదివిన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి వెళ్లాను. ఈ సమ్మేళనాల తీరు పాఠకులకు కొత్త కాదు. ఒకే రంగు టీషర్టులు, గేటు దగ్గర ఫ్లెక్సీ, రిటైరైన గురువులకు శాలువాలు, మెమెంటోలు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రానికి కాసిన్ని కన్నీళ్లు. ఆ రోజు లెక్కల మాస్టారికి రెండు శాలువాలు పడ్డాయి. పీఈటీ సారును పిలిచేసరికి శాలువాలు అయిపోయాయి. ఎవరో తన మెడలోని కండువా తీసి కప్పారు. ఆయన నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం బిర్యానీ సయించలేదు.

తర్వాత హెడ్మాస్టరు గదిలో బీరువా తెరిపించాను. పాత జవాబు పత్రాల కట్టల వెనుక ఒక రోలింగ్ షీల్డు దొరికింది. పైన ఇత్తడి రేకు మీద షీల్డు ఇచ్చిన ఆసామి పేరు, ఆయన తండ్రి పేరు, ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో వారి పేరు, మూడూ నిగనిగలాడుతున్నాయి. చుట్టూ ఏటేటా గెలిచిన జట్టు పేరు చెక్కించడానికి పన్నెండు చిన్న రేకులు బిగించి ఉన్నాయి. పన్నెండూ ఖాళీ. తిప్పి చూస్తే వెనక చెక్క మీద వృత్తలేఖిని ముల్లుతో గీకిన వంకర అక్షరాలు: ‘మేమే గెలిచాం, 9-బి’. ఏ సంవత్సరమో లేదు.

మన సర్కారు బడుల ఆటల చరిత్ర మొత్తం ఆ షీల్డే. ఫ్యాను రెక్క మీద దాత పేరుంటుంది, నీళ్ల ట్యాంకు మీద ఉంటుంది, సిమెంటు బెంచీ వీపు మీద ఉంటుంది. ఆ బడి తరఫున రాష్ట్రస్థాయిలో కబడ్డీ ఆడిన అమ్మాయి పేరు ఎక్కడా ఉండదు. ప్రతి ఉన్నత పాఠశాలా తన ఆటగాళ్లను, వారిని ఆడించినవారిని, వారిని ఆదుకున్నవారిని పేరుపేరునా గుర్తించి గోడ మీద రాయాలని, ఏటా పిలిచి సత్కరించాలని నేనంటున్నాను. ఇది అలంకారం కాదు, బాకీ.

అమెరికా హైస్కూళ్లలో చాలాచోట్ల ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. పాత ఆటగాళ్లతో పాటు కోచ్‌లను, జట్టు వెన్నంటి నిలిచిన ఊరివారిని కూడా ఎంపిక చేసి, విందు పెట్టి, పేర్లు గోడకెక్కిస్తారు. డబ్బున్న బడుల ముచ్చట అని కొట్టిపారేయవచ్చు. నన్ను ఆకట్టుకున్నది డబ్బు కాదు. ఆ జాబితాలో ఒక్కనాడూ బంతి ముట్టనివారికి కూడా చోటుండడం.

ఎందుకంటే, మన దగ్గర పల్లె బడి జట్టు నడిచేదే వారి మీద. స్కూల్ గేమ్స్ పోటీలకు అండర్-17 ఖోఖో అమ్మాయిల జట్టు జోనల్‌కు వెళ్లాలంటే ఏమేం కావాలో ఎప్పుడైనా లెక్కవేశారా? కేంద్ర పథకమైన సమగ్ర శిక్ష కింద ఉన్నత పాఠశాలకు ఏడాదికి వచ్చే క్రీడా నిధి మామూలుగా 25 వేల రూపాయలు దాటదు. బంతులు, వలలు, చెస్ బోర్డులు అన్నీ అందులోనే. ప్రయాణం ఖర్చు పీఈటీ జేబులోంచి వస్తుంది, లేదంటే ఊళ్లో ట్రాలీ ఆటో ఉన్నవాడు డీజిలుకు మాత్రమే తీసుకుని తీసుకెళతాడు. రాత్రికి ఏదో బడి తరగతి గదిలో జంపఖానాల మీద పడక. ఆడపిల్లల్ని రాత్రిపూట పంపేది లేదని తల్లిదండ్రులు మొండికేస్తారు. అప్పుడు మధ్యాహ్న భోజనం వండే అక్క ‘నేను తోడుంటా, పంపండి’ అని గడప గడపకూ వెళ్లి చెబుతుంది. ఆ ఒక్క మాటతో జట్టు బయల్దేరుతుంది. కప్పు గెలిచి వస్తే ఫొటోలో హెడ్మాస్టరు, సర్పంచి, ఎంఈఓ. ఆ అక్క వంటగదిలో ఉంటుంది.

ఇక మైదానం. అందులో ట్రాక్ దానంతట అదే గీసుకోదు. తెల్లవారుజామున అటెండరు మధ్యలో ఒక ఇనుప మేకు దిగ్గొట్టి, దానికి తాడు కట్టి, రెండో కొస పట్టుకుని వంపు తిరుగుతాడు. వెనకాలే ఇద్దరు పిల్లలు చిల్లులు పొడిచిన డబ్బాతో సున్నం చల్లుకుంటూ నడుస్తారు. గాలి వస్తే గీత చెదురుతుంది, మళ్లీ చల్లాలి. ముందురోజు అక్కడ ఏదైనా రాజకీయ సభ జరిగి ఉంటే ముందు గుంజలు పాతిన గుంతలు పూడ్చాలి. (పూడ్చమని సభ పెట్టినవారిని అడిగే ధైర్యం ఏ హెడ్మాస్టరుకూ ఉండదు.) పిల్ల కాలు మడతపడకుండా వందగజాలు పరుగెత్తిందంటే అందులో ఆ అటెండరు పలుగు వాటా ఉంది.

పైస్థాయిలో ఈ సంగతి ప్రభుత్వానికి తెలుసు. కోచ్‌లకు 1985 నుంచి ద్రోణాచార్య పురస్కారం ఉంది. క్రీడలకు అండగా నిలిచిన సంస్థలకు 2009 నుంచి రాష్ట్రీయ ఖేల్ ప్రోత్సాహన్ పురస్కారం ఉంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తికి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించినప్పుడు కోచ్ నాగపురి రమేశ్‌కూ 10 లక్షలు ప్రకటించింది. మంచి పని. కానీ ఆమె పరుగును మొట్టమొదట పసిగట్టింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు. అలాంటి తొలి చూపుకు మన దగ్గర పురస్కారం లేదు, కనీసం ఫలకం కూడా లేదు.

మన భువనగిరి గుట్టనే చూడండి. 2014 మే 25న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. నిజామాబాద్ అమ్మాయి, ఖమ్మం అబ్బాయి. ఇద్దరూ తాడు పట్టడం నేర్చుకున్నది భువనగిరి ఏకశిల మీద. ఎవరెస్టు ఎత్తు చెప్పగల మన పిల్లల్లో ఈ గుట్ట కథ చెప్పగలవారు ఎందరు? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మనవాళ్లు రచ్చ గెలిచి వచ్చినా ఇంట్లో ఎవరూ గుర్తుపట్టరు.

నిజానికి నా కోపం ఆటలతో ఆగదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీల చెమట ఉందని మన నాయకులు ప్రతి సభలోనూ చెబుతారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారని పిల్లలకు బడిలో నేర్పుతాం. రాయి మోసినవారిలో ఒక్కరి పేరైనా నేర్పుతామా? శిలాఫలకం మీద శంకుస్థాపన చేసినవారు, అధ్యక్షత వహించినవారు, విశిష్ట అతిథులు వరుసగా ఉంటారు. పని చేసినవారు ఉండరు. అదే అలవాటు బడి గోడ మీదికి, అక్కడినుంచి షీల్డు మీదికి పాకింది. పాలమూరు అనగానే బయటివారికి వలస ఒక్కటే గుర్తొస్తుందని బాధపడతాం. మన గురించి మనం ఇంకేం రాసి పెట్టుకున్నాం గనుక? 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలంటూ బోర్డులు పాతారు. చాలాచోట్ల బోర్డు చుట్టూ తుమ్మ మొలిచింది. అక్కడా రాసింది పథకం పేరే.

పెచ్చులూడుతున్న గోడకు పేర్లెందుకు, ముందు మరుగుదొడ్లు బాగుచేయండి అంటారు కొందరు. మరుగుదొడ్లు బాగుచేయాల్సిందే, ఒక డబ్బా ఎనామిల్ పెయింటు దానికి అడ్డం రాదు. పేర్లు రాయడం మొదలుపెడితే కులం, పార్టీ దూరి గొడవలవుతాయన్న భయంలో మాత్రం నిజముంది. అందుకే పదవిలో ఉన్నవారి పేరు ఉండకూడదని, కేవలం డబ్బిచ్చినందుకు చోటు దక్కకూడదని మొదటి రోజే తీర్మానించుకోవాలి. ఎంపిక పాత ఆటగాళ్లు, ప్రస్తుత పిల్లలు కలిసి చేయాలి. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు ఆగస్టు 29న ఎలాగూ బడుల్లో క్రీడా దినోత్సవం మొక్కుబడిగా జరుపుతూనే ఉన్నారు. ఆ రోజు ఆ ఊరి మనిషిని పిలిచి దండ వేస్తే ధ్యాన్‌చంద్ చిన్నబుచ్చుకోరు.

పేరు రాసుకోకపోవడం వల్ల జరిగే నష్టం మనోభావాలకే పరిమితమూ కాదు. జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడినవారు కేంద్ర ఉద్యోగాల్లో క్రీడా కోటా కోరితే, ఆ పోటీల్లో ఆడినట్టు ధ్రువీకరించే ఫారం-4 అనే పత్రం చూపాలి. పదేళ్ల తర్వాత ఆ కాగితం పోగొట్టుకుని, ఆధారం కోసం బడికి వచ్చినవాడికి ‘రికార్డు లేదు’ అన్న జవాబు దొరుకుతుంది. జట్టు పేర్లు ఏ ఏటికి ఆ ఏడు ఒక రిజిస్టరులో, గోడ మీద ఉంటే కనీసం అతను అబద్ధం చెప్పడం లేదని హెడ్మాస్టరుకైనా తెలుస్తుంది.

మా బ్యాచ్ సమ్మేళనంలో ఖర్చులు పోగా మిగిలిన డబ్బుతో బడికి ఏమివ్వాలని వాట్సాప్ గ్రూపులో ఇంకా చర్చ నడుస్తోంది. షీల్డు మీది పన్నెండు రేకులు చెక్కిద్దామని, వంటగది అక్క పేరుతో గోడ మొదలుపెడదామని నేను రాశాను. 9-బి వాళ్లు ఎవరో కనుక్కునే పని కూడా నాదేనన్నాను. నలుగురు సరేనన్నారు. మిగతావారు ఫ్యాన్లకే మొగ్గు చూపుతున్నారు; రెక్కల మీద బ్యాచ్ పేరు ఏ రంగులో రాయించాలన్న దగ్గర చర్చ ఆగింది.